ఆరో కొక్కెం

ఆ కప్పు నా చేతిలోంచి జారిందా, నేనే పడేశానా? ఈ ఒక్క అనుమానాన్ని చాలా ఏళ్ళు మోశాను. పొద్దున్నే దీపం పెట్టి, అందరి క్షేమమూ అడగడం అయిపోయాక, చివర్లో గొంతు తగ్గించి ఇదొక్కటీ అడిగేదాన్ని. "తండ్రీ, నువ్వు చూశావు కదా. జారిందా, పడేశానా?" దీపం కాస్త అటూ ఇటూ ఊగేది. అది జవాబో, కిటికీలోంచి వచ్చిన గాలో తెలిసేది కాదు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. దేవుడు నోరు విప్పి మాట్లాడడని మాత్రం తెలుసు. అయినా అడగడం మానలేదు. తప్పు నాదైతే నాదని చెప్పు, మోస్తాను, ఏదీ తేల్చకుండా ఇలా వేలాడదీయకు అని వేడుకునేదాన్ని.

అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. మేం పిచ్చుక అని పిలుచుకునే మా అమ్మాయి నా లోపల ఈదుతోంది. ఆ నెలలన్నీ నాకు నీళ్ళ అడుగునుంచి చూసినట్టు గుర్తున్నాయి. గది, వెలుతురు, మనుషుల ముఖాలు, అన్నీ కాస్త వంకరగా, మెల్లగా కదులుతూ ఉండేవి. చేతులు నావి కానట్టుండేవి. చెంచా నోటిదాకా వచ్చేలోపు దారి తప్పేది. ఊరికే కూర్చుంటే, ఒళ్ళో వేళ్ళు వాటంతట అవే ఎవరికీ వినపడని వాయిద్యమేదో వాయిస్తుండేవి. చిన్నప్పుడు కూడా ఒకసారి ఇలాగే అయింది. బడిలో పలక జారితే టీచరు అరచేతుల మీద బెత్తంతో కొట్టింది. అరచేతులు మండుతుంటే అవి ఇంకా ఎక్కువ ఆడాయి. కొన్నాళ్ళకి ఆ ఆట తగ్గిపోయింది గాని, "జారుచేతులు" అని నాకు పెట్టిన పేరు తగ్గలేదు. అత్తవారింటికి పెట్టెతోపాటు ఆ పేరూ వచ్చింది.

ఆ రోజు ఇంటికి చుట్టాలొచ్చారు. అత్తయ్య తన పుట్టింటినుంచి తెచ్చుకున్న టీ కప్పులు తీయించారు. పాల మీగడ రంగు, అంచున సన్నటి ఆకుపచ్చ గీత. నేను ఒక్కొక్కటే అందిస్తున్నాను. చివరి కప్పు చేతిలో ఉండగా పళ్ళెంలో కాస్త టీ ఒలికింది. అత్తయ్య నవ్వుతూనే అన్నారు, "వాళ్ళమ్మ కనడం కన్నది గాని, పెంచడం మర్చిపోయింది పాపం" అని. చుట్టాలు నవ్వారు. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నా రొమ్ములో ఏదో వేడిగా లేచింది. ఆ వేడి లేవడమూ, కప్పు నేల మీద ముక్కలవడమూ ఒకే రెప్పపాటులో జరిగాయి. నా అనుమానం పుట్టింది అక్కడే.

"కావాలనే చేసింది," అన్నారు అత్తయ్య.

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. గింజ కన్నా చిన్న మరని పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాని చోట్లో దాన్ని కూర్చోబెడతారు. ఆయన చేతులు ఎన్నడూ వణకవు. అందుకే ఆయన తీర్పుకి తిరుగుండదు. "చేతులు మెదడు చెప్పిందే చేస్తాయే. చెయ్యలేదంటే చెయ్యడం మెదడుకి ఇష్టం లేదన్నమాట. ఇందులో ఇంకో మాటేముంది?" అన్నారు. నా రొమ్ములో లేచిన వేడి నాకు తెలుసు కదా. ఏమో, ఆయన అన్నదే నిజమేమో!

గాజు అలమరలో ఆరు కొక్కేలుంటాయి. అయిదింటికి కప్పులు వేలాడతాయి, ఆరోది ఖాళీ. మా పిచ్చుక వయసూ, ఆ ఖాళీ కొక్కెం వయసూ ఒకటే. ఎవరు ఇంటికొచ్చినా అత్తయ్య అలమర చూపించి, "ఆరోది మా కోడలు బాకీ" అనేవారు. వచ్చినవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఉడుక్కున్నాననుకుంటారు. పిచ్చుక అంకెలు నేర్చుకున్నది కూడా ఆ కొక్కేల మీదే. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు..." "అయిదు తర్వాత ఎంతే?" అని వాళ్ళ నాన్న అడిగితే, ముద్దుముద్దుగా "అమ్మ బాకీ!" అనేది. ఇల్లంతా పగలబడి నవ్వేది. బడిలో కూడా అలాగే చెప్పి వచ్చిందట. ఆ కప్పుల్లో నాకు ఎవరూ టీ పోయలేదు, నేనూ పోసుకోలేదు. నాకొక స్టీలు గ్లాసు ఉంది. "నీకదే క్షేమం" అన్నారు అత్తయ్య. ఆ గ్లాసుకి రెండు చోట్ల సొట్టలు. ఆ సొట్టలు నేను చేసినవి కావు, కొన్ననాటినుంచీ ఉన్నవే. ఆ సంగతి చెప్పినా ఎవరూ నమ్మలేదు.

తమాషా ఏమిటంటే, నాకు పని దొరికింది గాజు సామాన్ల దుకాణంలో. ఆ మాట చెప్పిన రోజు మా ఆయన భూతద్దం కంటినుంచి తీసి మరీ నవ్వారు. "నిన్నా? గాజు కొట్లోనా? ఆ షావుకారుకి నష్టాల మీద మనసు పోయిందా ఏంటి?" నా పని, జనం కొన్న సామాన్లకి కాగితం చుట్టి పెట్టెలో సర్దడం. ముందు కప్పు కడుపులోకి కాగితం కూరాలి, తర్వాత పిడిచుట్టూ మెత్తగా ఉండలా చుట్టాలి, అప్పుడు మొత్తం ఒళ్ళంతా కప్పాలి. పసిబిడ్డకి గుడ్డ చుట్టినట్టే. ముందు లోపల నింపకుండా పైన ఎంత చుట్టినా లాభం లేదు. అక్కడ నా చేతిలో ఏదీ పగల్లేదు, ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా. అది కూడా నా అనుమానాన్ని పెంచింది. ఇవే చేతులు ఇక్కడ ఇంత బుద్ధిగా ఉంటే, ఆ రోజు ఇంట్లో ఎందుకలా చేశాయి? కావాలనేనా తండ్రీ? దుకాణంలో మగవాళ్ళు కూడా ఉన్నారు. టీ వేళకి అందరి కళ్ళూ నా వైపే తిరుగుతాయి. నన్ను పెట్టుకున్నది కాగితం చుట్టడానికి. టీ కాచి, అందరి కప్పులూ కడిగి బోర్లించే పని నాకెప్పుడు చుట్టుకుందో నాకే గుర్తులేదు. "మీ చేతి టీ తాగితేగాని బేరం కదలదండీ" అంటాడు షావుకారు. ఆ మాటా కాగితం లాంటిదే, పైపైన చుట్టేది.

చలి రోజుల్లో పిచ్చుకకి గొంతు నొప్పి వచ్చింది. వేడి నీళ్ళు పుక్కిలించమన్నారు అత్తయ్య. కొద్ది రోజుల్లో తగ్గిపోయింది. ఎవరమూ మళ్ళీ దాని ఊసెత్తలేదు. ఎండలు ముదిరేసరికి పిల్ల చేతిలోంచి పెన్సిలు జారడం మొదలైంది. ముత్యాల్లాంటి అక్షరాలు కోడి కెలికినట్టయ్యాయి. ఎప్పుడూ తానే వేసుకునే జడ ఇప్పుడు వేసుకోలేక ఏడ్చేది. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేది. నడుస్తుంటే భుజం ఒకటి ఎవరో పిలిచినట్టు ఎగిరేది. ముఖం ఉన్నట్టుండి ముడుచుకునేది, మూతి పక్కకి పోయేది.

"చూడు చూడు, నన్ను వెక్కిరిస్తోంది!" అన్నారు అత్తయ్య.

"నేను వెక్కిరించలేదు నానమ్మా! మూతే అలా వెళ్ళింది."

"మూతి దానంతటదే వెళ్ళిందట. చెయ్యి దానంతటదే జారిందట. తల్లి నోట విన్నదే పిల్ల నోటా వింటున్నాను. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఇంకోటి మొలుస్తుందా!"

ఆయన పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "చేతులు కట్టుకుని కదలకుండా కూర్చో, నేను చూస్తాను" అన్నారు. ఆయన చూస్తున్నకొద్దీ దాని వేళ్ళు ఇంకా ఎగిరాయి. అది వాటి మీద కూర్చుంది. అప్పుడు పాదాలు కదిలాయి. "చాల్లే వేషాలు," అన్నారాయన.

మధ్యాహ్నం అది నిద్రపోయింది. పక్కన కూర్చున్నాను. తెర వెనకనుంచి వెలుతురు పల్చగా దాని మీద పడుతోంది. చేతులు రెండూ దుప్పటి మీద, ఎగిరి ఎగిరి అలసి వాలిన పిట్టల్లా పడున్నాయి. ఒక్క వేలు కూడా కదలడం లేదు. గుమ్మంలోంచి చూసిన అత్తయ్య, "అదిగో, నిద్రలో ఆగిపోయాయి. నటన కాకపోతే ఇంకేంటి?" అని వెళ్ళిపోయారు. నేను అక్కడే ఉండిపోయాను. వీధిలో ఎవరో ఏదో అమ్ముకుంటూ వెళ్తున్నారు, ఆ కేక ఎక్కడో నీళ్ళ పైనుంచి వస్తున్నట్టుంది. పిచ్చుక కళ్ళు తెరవబోతోంది. రెప్పలకంటే ముందు వేళ్ళు మేలుకున్నాయి. చూపుడు వేలు, దాని పక్కది, మళ్ళీ మొదటిది, దుప్పటి మీద ఆ వినపడని వాయిద్యాన్ని వాయించడం మొదలుపెట్టాయి. ఆ పాట నాకు తెలుసు. అది నా ఒళ్ళో వాయించిన పాటే. అప్పుడు ఈ పిల్ల నా కడుపులో ఉండి విన్నది.

వీధి చివరి డాక్టరు చూసి, "గొంతు జబ్బు తర్వాత కొందరు పిల్లలకి ఇలా వస్తుంది. ఎందుకైనా మంచిది" అని రక్త పరీక్ష రాశాడు. ఫలితం మా ఆయనే తెచ్చారు. అంతా మామూలుగా ఉందట. "పిల్లకి గారాబం తగ్గించండి" అని డాక్టరు చెప్పి పంపాడట. ఆయన కాగితాన్ని గడియారాల బల్ల మీద పెట్టి, కదలకుండా మీద ఒక చిన్న పలుగురాయి ఉంచారు.

"మనుషులు అబద్ధమాడతారు గాని రక్తం ఆడదు. చూసుకో. ఏ జబ్బూ లేదు. ఇంక దీని వేషాలు మాన్పించడం ఒక్కటే వైద్యం. రేపటినుంచి రోజూ నా ఎదురుగా కూర్చుని గడియారం మరలు ఏరుతుంది. ఎన్ని జారితే అన్ని దెబ్బలు."

పిచ్చుక నా వైపు చూసింది. చేతులు వెనక్కి దాచుకుంది, అంతే. ఆ దాచుకోవడం చూశాక నేను ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు. మర్నాడు దుకాణానికి రానని కబురంపి, దీపం పెట్టి, పిల్లని తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆయన వెనకనుంచి, "రక్తమే చెప్పాక ఇంకెవర్నే అడిగేది?" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన మాట్లాడుతుండగా నేను గుమ్మం దాటడం అదే మొదలు.

అక్కడి డాక్టరమ్మ నెరిసిన జుట్టావిడ. పిల్లల గుండె జబ్బులు చూస్తుంది. పిచ్చుకకి తన రెండు వేళ్ళు అందించి, "గట్టిగా పట్టుకో తల్లీ, వదలకు" అంది. ఇది పట్టుకుంది. పిడికిలి బిగిసింది, వదులైంది, మళ్ళీ బిగిసింది, పాలు పితుకుతున్నట్టుగా. నాలుక బయటపెట్టి ఉంచమంటే అది నిలవలేదు, లోపలికి పారిపోయింది. పిచ్చుకకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "నేను కావాలని చెయ్యట్లేదండీ" అంది వెక్కుతూ.

డాక్టరమ్మ నవ్వలేదు, కసరలేదు. "నాకు తెలుసమ్మా. ఇది నువ్వు చేస్తున్నది కాదు, నీకు అవుతున్నది" అంది.

ఆ మాట పిల్లకి చెప్పింది. కానీ పక్కన కుర్చీలో కూర్చున్న నా చెవిలో ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది.

కాగితం చూపించి, రక్తంలో ఏమీ లేదన్నారమ్మా అన్నాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, నాకర్థమయ్యేలా చెప్పింది. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి చేరుతుందట. అద్దంలో పెద్దది చేసి చూస్తే పూసలు గుచ్చినట్టు గొలుసులుగా ఉంటుందట. దాన్ని పట్టుకోడానికి ఒళ్ళు యాంటీబాడీలనే కాపలావాళ్ళని తయారుచేస్తుందట. "చిక్కెక్కడంటే, ఆ క్రిమి పైపొరకీ, మన గుండెలో కొన్ని చోట్లకీ, మెదడులో చేతుల్ని ఆడించే చోటుకీ కాస్త పోలికలుంటాయి. కొందరిలో కాపలావాళ్ళు పోల్చుకోలేరు. క్రిమి పోయాక కూడా సొంతింటివాళ్ళనే దొంగలనుకుని కొడతారు. మీరు చేయించిన పరీక్ష ఒక రకం యాంటీబాడీని చూస్తుంది. అది తొందరగా పెరుగుతుంది, తొందరగా దిగిపోతుంది. చేతులాడే ఈ జబ్బేమో గొంతు నొప్పి తగ్గిన నెలలకి బయటపడుతుంది. అప్పటికి ఆ లెక్క మామూలైపోయి ఉండొచ్చు. లేదని కాదు, వచ్చి వెళ్ళిపోయిందని. నిదానంగా దిగేది ఇంకోటుంది, అది చూద్దాం."

చూశారు. ఆ రెండోది ఇంకా ఎత్తులోనే ఉంది. గుండెకి కూడా ఫొటో తీశారు. ఒక కవాటం సరిగ్గా మూసుకోక కొద్దిగా కారుతోందట. "మంచివేళ తెచ్చారు" అంది డాక్టరమ్మ. మూడు వారాలకోసారి సూది వేయించాలి. చేతులు బాగైనా మానకూడదు, ఏళ్ళ తరబడి వేయించాలి. మళ్ళీ గొంతులో ఆ క్రిమి చేరితే, ఈసారి గుండె తట్టుకోదు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?"

నోరు తెరిచాను. పలక, బెత్తం, చెంచా, కప్పు, ఇన్నేళ్ళుగా దేవుడికి తప్ప ఎవరికీ చెప్పనిదంతా ఆ తెల్లగోడల గదిలో చెప్పేశాను. ఆవిడ వింటూనే లేచి, నా వీపు మీదా రొమ్ము మీదా గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"వస్తుందమ్మా. బద్ధకం."

"బద్ధకమని ఎవరన్నారు?"

నాకూ ఫొటో తీయించింది. నా కవాటం కారడం లేదు, ఎప్పటిదో పాత మచ్చ పడి బిగుసుకుపోతోందట. మందులు రాసింది. నీళ్ళ బకెట్లు మెట్ల మీదుగా మోయొద్దంది.

"నా రక్తం కూడా చూస్తే ఆ రోజు సంగతి తెలుస్తుందామ్మా? కప్పు జారిందో, పడేశానో?"

"అన్నేళ్ళ సంగతి రక్తంలో ఉండదమ్మా, చెరిగిపోతుంది. గుండె మీద మాత్రం గుర్తు మిగిలింది. చిన్నప్పుడు ఒకసారి వచ్చినవాళ్ళకి కడుపుతో ఉన్నప్పుడు మళ్ళీ రావచ్చు. మీకు వచ్చింది అదే అనుకుంటున్నాను. ఆ ఒక్క క్షణంలో మీ మనసులో ఏముందో నేను చెప్పలేను. కోపమొచ్చిందన్నారు కదా, వస్తే మాత్రం ఏం? కోపమొచ్చిన వాళ్ళందరి చేతుల్లోనూ కప్పులు పగలవు."

ఇంటికొస్తూ బస్సు కిటికీ పక్కన కూర్చున్నాను. పిచ్చుక నా భుజం మీద తల పెట్టుకుంది. ఊరంతా పల్చటి పాలలో ముంచినట్టు జరిగిపోతోంది. నీ పనిలో కూడా ఇంత పొరపాటు జరుగుతుందా తండ్రీ అనుకున్నాను. కాపలా పెట్టింది నువ్వే, వాళ్ళకి పోల్చుకునే కళ్ళివ్వడం మరిచిందీ నువ్వేనా? నిష్ఠూరంగా అనలేదు, ఊరికే అడిగాను. అడుగుతుంటే అత్తయ్య గుర్తొచ్చారు. ఆవిడా ఈ ఇంటికి కాపలాయే. కొత్తగా గుమ్మంలోకొచ్చిన నన్ను దొంగననుకున్నారు. ఆవిడ కోడలుగా వచ్చిన కాలంలో ఆవిణ్ణి ఏ క్రిమి కుట్టిందో, అది పోయి ఎన్నేళ్ళయిందో, ఆవిడ కొట్టడం మాత్రం ఆగలేదు. జాలేసింది. జాలేసినంత మాత్రాన పిల్లని ఆవిడ ముందు చేతులు దాచుకోనిస్తానా? దానికీ దీనికీ పొత్తు లేదు.

మా ఆయన రెండో కాగితాన్ని భూతద్దంతో చదివారు. మొదటిదాని మీదున్న పలుగురాయి తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు. గడియారం మరల డబ్బా పిచ్చుక అందుకోలేనంత పై అరలోకి వెళ్ళిపోయింది. నీళ్ళ బకెట్ల సంగతి చెబితే, "మరి ఎవరు మోస్తారు?" అన్నారు. "చేతులు వణకనివాళ్ళు" అన్నాను. నా నోటినుంచి వచ్చిందా ఆ మాట అని నేనే తిరిగి చూసుకున్నాను.

రెండో సూది రోజొచ్చింది. పిచ్చుక చేతులు చాలావరకు నెమ్మదించాయి, అప్పుడప్పుడూ ఒక వేలు తుళ్ళిపడుతుంది, అంతే. చెప్పులేసుకుంటుంటే అత్తయ్య అడ్డొచ్చారు.

"తగ్గిందిగా, ఇంకా సూదులెందుకే పిల్లకి? ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిప్పుతున్నామంటే నలుగురూ ఏమనుకుంటారు? రేపు దాని పెళ్ళి..."

"దాని గుండెకి పెళ్ళి సంగతి తెలియదు అత్తయ్యా. సూది సంగతే తెలుసు. ఈ ఒక్క విషయంలో నేను ఎవర్నీ అడగను. ఎవరు వద్దన్నా ఆపను."

అరిచి చెప్పలేదు. దీపం ముందు మాట్లాడే గొంతుతోనే చెప్పాను. ఆవిడ పక్కకి జరిగారు.

తిరిగొచ్చేటప్పుడు దుకాణంలో ఆగాను. బల్ల కింద ఒక బుట్ట ఉంటుంది. సెట్టులో ఒకటి పగిలిపోగా మిగిలిన ఒంటరి కప్పులన్నీ అందులో ఉంటాయి. ఇన్నేళ్ళూ ఆ బుట్ట పక్కనే పని చేశాను. ఒక్క కప్పు తెచ్చి బాకీ తీర్చడం పెద్ద పని కాదు. తెస్తే, కావాలనే పగలగొట్టానని ఒప్పుకున్నట్టవుతుందని తేలేదు. తప్పు లేనివాళ్ళు కూడా బాకీ తీర్చొచ్చని అప్పుడు తట్టలేదు. లేత నీలం కప్పొకటి ఎంచాను. పిడి కాస్త పెద్దది, వేళ్ళన్నీ పడతాయి. షావుకారు ఊరికే తీసుకెళ్ళమన్నాడు. ఊరికే తెచ్చినదాంతో బాకీ ఎలా తీరుతుంది? డబ్బిచ్చాను. "రేపటినుంచి టీ వంతులు వేసుకుందామండీ, మొదటి వంతు మీది" అని కూడా చెప్పి వచ్చాను. ఆయన ముఖం చూసి పిచ్చుక బస్సెక్కేదాకా నవ్వింది.

ఇంట్లో అలమర తలుపు తీసి, కప్పు కడిగి తుడిచి, ఆరో కొక్కేనికి తగిలించాను. అది కాసేపు ఊగి, ఆగింది.

అత్తయ్య కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. "రంగు కలవలేదే."

"కలవదు అత్తయ్యా. కలవాలని తేలేదు, తీరాలని తెచ్చాను. మీ ఆరోది మీకు ముట్టింది."

ఆవిడ ఏదో అనబోయారు. ఆ ఖాళీ ఇప్పుడు లేదు కదా, మాటకి చోటు దొరకలేదేమో, అలాగే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి, "ఒకసారి పాలు పోసి చూడు, కారుతుందేమో" అన్నారు, కొంచెం తగ్గిన గొంతుతో.

అప్పుడే తగిలించిన కప్పుని మళ్ళీ తీశాను. గోరువెచ్చని పాలు సగానికి పోశాను. నా సొట్టల గ్లాసు వైపు చెయ్యి చాపబోతున్న పిచ్చుకని ఆపి, కప్పు దానికిచ్చాను. అది రెండు చేతులతో అందుకుంది. దాని చూపుడు వేలు పిడి మీద ఒకసారి తుళ్ళింది. పాలు అంచుదాకా వచ్చి వెనక్కెళ్ళాయి. గడియారాల బల్ల దగ్గర టిక్కుటిక్కులన్నీ ఆగినట్టనిపించింది. నానమ్మనీ, నాన్ననీ, నన్నూ చూసి పిల్ల గుసగుసగా అంది:

"అమ్మా, పడిపోతుందేమోనే."

"పడితే పడనీ తల్లీ. తాగు."